పెనుకొండ ఇంట్లో కీ తిప్పిన రోజులు

“నొస్తాందా పాపా?”

“నీ చెయ్యి తియ్యి ముందు.”

ఆ తల్లీ కూతుళ్ళు ఒకరితో ఒకరు ఆడిన కడపటి మాటలు ఇవి. కూతురి నోట్లోకి టార్చి లైటు పట్టుకొని నేను పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి నా చెవులతో విన్నాను. పోయిన ఏడాది ఎండాకాలం, పెనుకొండలో, కొండ కిందివైపు ఒక ఇంట్లో.

నేను ఆయాను. నా భర్త పోయాక హిందూపురంలో ఒక పళ్ళ ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పనికి చేరాను. పోనుపోను ఆపరేషన్ అయినవాళ్ళ దగ్గర కూర్చోవడం, జావ తాగించడం, వాపు చూసుకోవడం నేర్పించారు. ఇప్పుడు రోగుల ఇళ్ళకి కూడా పోతాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది. నా గొంతు బొంగురు. అందుకని అది నడుమ నడుమ “ఏమన్న్యావత్తా?” అని ఆపుతోంది. ఆపితే ఆపనీ, చెప్పేదేదో చెబుతాను.

పళ్ళ ఆసుపత్రి అంటే పన్ను పీకడం, పుచ్చుకి సిమెంటు పెట్టడం అనుకుంటారు. ఈ పిల్లకి చేసింది వేరు. ముప్పైకి దగ్గరపడిన పిల్ల. ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు కంప్యూటర్లో వేసే ఉద్యోగం. పై దవడ ఇరుకు. చోటు లేక పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండేవి. వెనక పళ్ళు కింది పళ్ళతో సరిగ్గా కలిసేవి కావు, ముద్దయినా ఒక పక్కనే నమలాలి. పళ్ళని వరసకి తెచ్చే తీగలు, బ్రేసెస్ అంటారు, అవి వేయించుకోవాలని పోతే, ముందు దవడ వెడల్పు కావాలన్నారు.

చిన్నపిల్లలకైతే కోయకుండానే అవుతుందట. ఈ వయసుకి అంగిలి నడుమ ఎముక గట్టిగా అతుక్కుపోయి ఉంటుంది. కాబట్టి పై పెదవి లోపలివైపు నుంచి కోసి, ఎముకని వదులు చేసి, అంగిలికి ఎక్స్‌పాండర్ అనే ఇనుప సామాను బిగిస్తారు. దాని నడుమ చిన్న స్క్రూ, స్క్రూకి సన్నటి బెజ్జం. గుండుసూది లాంటి కీ ఆ బెజ్జంలో పెట్టి, ముందు పళ్ళ వైపు నుంచి గొంతు వైపుకి నెట్టాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నెట్టినప్పుడల్లా దవడ రెండు పక్కలకీ వెంట్రుకంత జరుగుతుంది. అట్లా జరిగి జరిగి ముందు పళ్ళ నడుమ సందు పడుతుంది. దాన్ని గ్యాప్ అంటారు. చూసినవాళ్ళు పళ్ళు పాడైపోయాయని భయపడతారు గానీ, ఆ సందు పడితేనే ఆపరేషన్ పనిచేసినట్టు. దాన్ని తర్వాత బ్రేసెస్‌తో మూస్తారు.

కీ ఎవరు తిప్పుతారని డాక్టరు అడిగితే తల్లే ముందుకొచ్చింది.

“చెయ్యి వణకదు కదా అమ్మా?” అన్నాడు డాక్టరు.

“ధర్మవరం చెయ్యి సార్ ఇది. ఎంటికల మాదిరి దారాలతోనే పెరిగినా.”

ఆమె పుట్టినిల్లు ధర్మవరం. పెళ్ళికి ముందు మగ్గాల మీద పాత పడుగు దారాలకి కొత్తవి ఒక్కొక్కటే మెలిపెట్టి అతికే పని చేసేదట. కీ జారి గొంతులోకి పోకుండా దానికి దారం కట్టి వేలికి చుట్టుకోవాలి. ఆమె దానికి కూడా పట్టుదారమే కట్టింది. ఆమెకి బీపీ ఉంది, ఒంటరిగా చేసుకోలేదని భర్త నన్ను పిలిపించాడు. ఆయన బోరు మోటార్లు బాగుచేసేవాడు. మాట తక్కువ.

మొదటి రోజులు ఎవరికైనా కష్టమే. మొహం కళ్ళ కిందిదాకా వాచింది. తల కింద దిండ్లు ఎత్తుగా పెట్టి, బుగ్గలకి ఐసు అద్దుతూ, సిరంజితో రాగి జావ పోసేవాళ్ళం. ముక్కు గట్టిగా చీదకూడదు, చీదితే రక్తం వస్తుంది. అంగిలికి ఆ ఇనుము అడ్డుపడి మాట ముద్ద ముద్దగా వచ్చేది.

“అద్దం ఇయ్యి ఆయమ్మా.”

“అద్దం మీ యమ్మ యాడ దాచిపెట్టిందో నాకేం తెల్సు తల్లీ.”

తల్లి వంటింట్లోంచి అరిచేది. “మొగం గుమ్మడికాయ మాదిరి ఉండాది. ఏం జూసుకుంటావు? వాపు దిగనీ.”

“గుమ్మడికాయకి జావ పోసేది ఎందుకు? కోసి కూర జేసుకోండి.”

నవ్వితే కుట్లు లాగేవి. నవ్వించొద్దని ఆ పిల్లే మళ్ళీ మా మీద కోప్పడేది.

కొన్నాళ్ళు ఆగి కీ మొదలుపెట్టాం. ఒక పొద్దున తల్లి టార్చి వెలుగులో చూసి గట్టిగా పిలిచింది. “సందు పడిందక్కా! బియ్యపుగింజ పట్టేంత!” కొడుకు పుట్టినంత సంబరపడింది. ఆ సందు పెరిగేకొద్దీ నొప్పి కూడా పెరిగింది. కీ నెట్టగానే ముక్కు మొదట్లో, కళ్ళ నడుమ, ఎవరో లోపల్నుంచి చీల్చినట్టు ఉంటుందని ఆ పిల్ల చెప్పేది. విసుగు కూడా పెరిగింది. అన్నం లేదు, నిద్ర లేదు. ఆ విసుగంతా తల్లి మీదికే పోయేది, మామూలే కదా.

ఆ పొద్దున కూడా అంతే. తల్లి ఒక చేత్తో గడ్డం పట్టుకొని కీ నెట్టి, నొస్తాందా అని అడిగింది. కూతురు చెయ్యి తియ్యమంది. తల్లి చెయ్యి తీసేసి, జావ వడగట్టడానికి వంటింట్లోకి పోయింది. నేను టార్చి ఆర్పి మూలన పెడుతున్నాను. గిన్నె పడిన చప్పుడు వచ్చింది. పోయి చూస్తే ఆమె నేల మీద ఉంది, జావ చీర కింద పారుతోంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. గుండె ఆగిపోయిందన్నారు.

ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక ఆడవాళ్ళు గాజులు, కమ్మలు తీస్తుంటే వేలికి చుట్టిన దారం కనబడింది. దాని కొసన కీ.

“ఇదేందే, దారం?” అంది పోయినామె భర్తకి అక్క అయిన పెద్దావిడ.

“పాప నోట్లో స్క్రూ తిప్పే కీ మ్మా. నాకియ్యండి.”

“ఇంగా దాంతో పనేముండాది? ఆ కీని కూడా మనిషితోనే పోనీ.”

నేను వంగి దారం విప్పి కొంగున ముడేసుకున్నాను. ఆ వేలు ఇంకా మెత్తగానే ఉంది.

మా వైపు ఆడవాళ్ళు పోయినవాళ్ళ మీద పడి, పెట్టిన తిండి, చేసిన మంచి అన్నీ చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. కన్నకూతురు అట్లా ఏడవకపోతే ఎవరూ ఒప్పుకోరు. ఈ పిల్ల తల్లి తలాపున కూర్చుంది. వాచిన మొహం, మూసిన నోరు. కన్నీళ్ళు మాత్రం ధారగా కారుతున్నాయి. ముక్కు కూడా చీదకూడదు కాబట్టి నేను పక్కన కూర్చొని మెత్తటి బట్టతో అద్దుతున్నాను.

పెద్దావిడ ఊరుకోలేదు. “చూడండమ్మా, కన్నతల్లి పోతే నోరు తెరిచి ఒక్క మాట అన్లేదు. పండ్లు పాడైతాయంట. ముందరి పండ్లు ఇట్ల ఇడిపోతే ఇంటికి మంచిది కాదని నేను చెప్తానే ఉన్న్యా. ఇనిన్రా? తల్లిని మింగె.”

ఆ మాట నాకు కొత్తది కాదు. మా ఆయన పోయిన రోజు నన్ను కూడా అదే అన్నారు. నోరు ఆగలేదు.

“అట్ల అనగాకండి మ్మా. ఆ పిల్లకి పెదవి లోపల కుట్లుండాయి.”

“నువ్వెవురే మధ్యలో? కూలికొచ్చినదానివి.”

అప్పుడు ఆ పిల్ల నోరు తెరిచింది. “మ్మా” అని ఒక్క అరుపు. ముక్కులోంచి రక్తం తల్లి మీద కప్పిన తెల్లబట్ట మీద పడింది. నేను తల ముందుకి వంచి పట్టుకొని, ఐసు తెమ్మని కేకేశాను. రక్తం ఆగేదాకా అందరూ గోడ వారకి జరిగి నిలబడ్డారు. అది జాలి కాదు, భయం. ఆ పిల్లని చూసి భయపడ్డారు.

ఆ సాయంత్రం కీ తిప్పలేదు. మర్నాడు పొద్దున నేను కీ వేడినీళ్ళలో కాచి తీసుకొని పోతే తల అడ్డంగా ఊపింది. సాయంత్రం కూడా అంతే. డాక్టరుకి ఫోన్ చేశాను. మూడు నాలుగు పూటలు తప్పినా సర్దుకోవచ్చు, అట్లాగే వదిలేస్తే ఎముక అతుక్కుపోతుంది, మళ్ళీ కోయాల్సి వస్తుంది అన్నాడు.

“అతుక్కోనీ,” అంది ఆ పిల్ల.

“మళ్ళా కొయ్యాల్నంట తల్లీ. పడిన బాధంతా నేలపాలు.”

“కొయ్యొద్దు. నాకేమీ వద్దు.” నా వైపు తిరిగింది. “చెయ్యి తియ్యి అన్న్యా. అంతే కదా నేనన్నింది? నువ్వు ఇన్న్యావు కదా?”

ఇంకెవరైనా అయితే, లేదమ్మా, మంచిగానే మాట్లాడినావు అని ఏదో ఒకటి చెప్పొచ్చు. నేను అక్కడే ఉన్నానని ఆ పిల్లకి తెలుసు.

“ఇన్న్యా,” అన్నాను.

గోడ వైపు తిరిగి పడుకుంది.

మూడో దినం సమాధి దగ్గర పాలు పోసి వచ్చాక తండ్రి స్నానం చేసి, చేతులు సబ్బుతో మళ్ళీ మళ్ళీ కడుక్కొని, నేను కాచి పెట్టిన కీ తీసుకున్నాడు. “లైటు పట్టుమ్మా” అన్నాడు నాతో. కూతురి ముందు పీట వేసుకొని కూర్చున్నాడు.

“నోరు తెరువు పాపా.”

“వద్దు నాయనా. కడాకు నేను అమ్మతో ఏమన్న్యానో నీకు తెల్దు.”

“తెల్సు. వరండాలో ఉన్న్యా. చెయ్యి తియ్యమన్న్యావు.” ఆయన దారం వేలికి చుట్టుకుంటున్నాడు, చుట్టింది జారిపోతోంది. “మీ యమ్మ నాతో కడాకు ఏమన్నిందో తెల్సునా?”

ఆ పిల్ల చూసింది.

“ఆ గ్రీసు చెప్పులు ఇంట్లోకి ఏసుకొస్తే కాళ్ళిరగ్గొడతా అన్నింది.”

ఆయన జారిన దారాన్ని మళ్ళీ చుట్టుకున్నాడు.

“నేనేమన్న్యానో తెల్సునా? ఏమీ అన్లా. ఏసుకొనే లోపలికి పోయినా.”

ఆ పిల్ల నోటి నుంచి వచ్చింది నవ్వో ఏడుపో చెప్పలేను. కుట్లు లాగి మొహం ముడుచుకుంది. కాసేపటికి, తలగడ మీద తల ఆనించి నోరు తెరిచింది.

ఆయన చేతికి ఆ బెజ్జం దొరకలేదు. లావుపాటి వేళ్ళు, కళ్ళ నిండా నీళ్ళు. కీ అంగిలికి తగిలి ఆ పిల్ల ఉలిక్కిపడింది. “నాకు మోటార్లే తెలిసేది” అని కీ నా చేతికి ఇచ్చి, టార్చి తను పట్టుకున్నాడు. నేను నెట్టాను. ఆగిన స్క్రూ కాబట్టి కొంచెం బిగుతుగా అనిపించింది, తర్వాత కదిలింది. అలవాటు కొద్దీ నొస్తాందా అనబోయాను. “నొ” అన్నానో లేదో ఆ పిల్ల వేలు పైకెత్తింది.

“ఆ మాట అడగొద్దు ఆయమ్మా.”

మళ్ళీ అడగలేదు. నొప్పి ఎంత ఉందో కాలివేళ్ళు ముడుచుకోవడం చూసి తెలుసుకునేదాన్ని. డాక్టరు చాలనేదాకా అట్లాగే తిప్పాను. సందు తెరుచుకుంది. స్క్రూ కదలకుండా డాక్టరు బిగించేశాడు. ఇక కొన్ని నెలల్లో ఆ చీలికలో కొత్త ఎముక నిండాలి, ఆ తర్వాతే బ్రేసెస్. నా పని అయిపోయింది. నేను బయలుదేరిన రోజు ఆ పిల్ల లోపలి గదిలోంచి రాలేదు. తండ్రి వచ్చి హిందూపురం బస్సు ఎక్కించాడు.

ఈ మధ్య ధర్మవరంలో ఒక ముసలాయన దగ్గర పని పడింది. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో ఆ పిల్లని చూశాను. తోటి ఉద్యోగస్తులు కాబోలు, ఇద్దరు ఆడపిల్లలతో నిలబడి చెరుకురసం తాగుతోంది. బ్రేసెస్ వేశారు, ఎండకి మెరుస్తున్నాయి. సందు దాదాపు మూసుకుంది. ఎవరో ఏదో అంటే నోరంతా తెరిచి నవ్వింది. అంత బాగా నవ్వుతుందని నాకు అంతవరకూ తెలియదు. దగ్గరికి పోదామని రెండడుగులు వేశాను. అప్పుడు నన్ను చూసింది.

నవ్వు ఆగిపోయింది. చెయ్యి నోటి మీదికి పోయింది. తల్లి తలాపున కూర్చున్న రోజు మొహం ఎట్లా ఉందో, అచ్చం అదే మొహం. పక్కపిల్ల “ఏమైంది?” అని అడగడం నాకు వినబడింది. నేను చూడనట్టు తల తిప్పి ఎదురుగా ఉన్న బస్సు ఎక్కేశాను. అది ఏ ఊరి బస్సో కూడా చూడలేదు. చెన్నేకొత్తపల్లిలో దిగి, ఎండలో నిలబడి, ఇంకో బస్సు పట్టుకొని హిందూపురం చేరాను.

ఈ పనికి వచ్చిన కొత్తలో, బాగుపడినవాళ్ళు మనల్ని తలుచుకుంటారని, కనబడితే పలకరిస్తారని ఆశ ఉండేది. కొందరు పలకరిస్తారు, కాదనను. కొందరికి మాత్రం మన మొహం మన మొహం కాదు. ఆ గది, ఆ పొద్దు, తాము అన్న మాట. అది మనం విన్నామని వాళ్ళకి తెలుసు, అంతే. అది మన మీద కోపం కాదు, విశ్వాసం లేకపోవడమూ కాదు. కొత్తగా చేరే ఆయాలకి డాక్టర్లు సిరంజి పట్టుకోవడం, ఐసు పెట్టడం నేర్పుతారు. బాగుపడిన మనిషి ఎదురైతే ఒక్కోసారి పక్కకి తప్పుకోవడం కూడా మన పనేనని నేను చెబుతాను. ఆ పిల్ల ఆ రోజు చెరుకురసం మిగతాది తాగిందో లేదో అని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది.

చాల్లేవే, ఇంక రాయొద్దు. మొదట్నుంచీ ఒకసారి చదివి వినిపించు. మెల్లగా చదువు. ఆ పిల్ల పేరు నా నోట్లోంచి యాడన్నా జారిందేమో చూడాల.