పెంచలమ్మక్క వెనక్కి అడిగిన మట్టి

పోయిన మంగళవారం పొద్దున అల్లూరు నుంచి ఫోను వచ్చింది. "మా అత్త పోయిందమ్మా" అన్నది పెంచలమ్మక్క కోడలు. టీకాల పెట్టె నా చేతిలోనే ఉంది. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి కాలం చేయడం వింత కాదని బుద్ధికి తెలుసు, మనసే ఒప్పుకోలేదు. నేనూ నా కూతురూ ఈనాడు ప్రాణాలతో ఉన్నామంటే అది ఆ పుణ్యమూర్తి చలవే.

ఊరికి ఆమె మట్టి అమ్మే పెంచలమ్మ. సొంత చేలో మూరెడు లోతున తవ్విన రేగడిని ఎండబెట్టి, దంచి, పాత చీర గుడ్డలో జల్లించి, తలంటుకొక పొట్లం, ముఖానికొక పొట్లం కట్టేది. పక్క చేలు రొయ్యల గుంటలైన ఏడు ఆ వైపు తవ్వడం మానేసింది. మట్టి చూపుకు అట్లాగే ఉన్నా, అందులో ఏ మందు దిగిందో తనకు తెలియదనేది. ఆ మట్టి రాస్తే జిడ్డు పోయేది, ఎండాకాలం చెమటపొక్కులకు చల్లగా ఉండేది. అంతకు మించి గుణాలు చెప్పి అమ్మడం ఆమెకు చేతకాదు. "ఎండి పగిలిందాకా ఉంచబాక, తడి ఉండంగానే కడిగేయ్. పుండు మీద మాత్రం పెట్టబాక" అని ప్రతి పొట్లంతోనూ చెప్పేది. మొటిమల మచ్చలు పోతాయా అని ఒక పెళ్ళికూతురు అడిగితే, "నా మొగం చూడు, యాభై ఏళ్ళ నుంచి పూస్తా ఉండా" అని తనే పడీపడీ నవ్వింది.

ఆమె అమ్మే గంపలో మూడో సరుకు ఒకటుండేది. అదే మట్టిని పలుచని బిళ్ళలు చేసి పిడకల నిప్పులో కాల్చేది. అవి కడుపుతో ఉన్నవాళ్ళు తినడానికి. నాట్లకు పోయే ఆడవాళ్ళ కొంగుముళ్ళలో ఆ బిళ్ళలు తప్పకుండా ఉండేవి.

నేను ఆ ఊరికి నర్సుగా కొత్తగా వచ్చిన రోజులవి. మట్టి తింటే కడుపులో పురుగులు చేరతాయని, రక్తం తగ్గుతుందని, నేలలోని సీసం లాంటివి బిడ్డకు చేరవచ్చని ఇంటింటికీ తిరిగి చెప్పేదాన్ని. అంతా చెప్పి, సాయంత్రానికి పెంచలమ్మక్క దగ్గర మా చెల్లెలికని చెప్పి బిళ్ళలు కొనుక్కునేదాన్ని. అప్పుడు నాకు ఐదో నెల. నవ్వేవాళ్ళు నవ్వండి. ఆ యావ పుట్టినప్పుడు చదువూ ఉద్యోగమూ అడ్డం రావు.

ఏడో నెలకు నా రక్తం బాగా పడిపోయింది. నాలుగు మెట్లెక్కితే గుండె దడ. ఇనుము మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు, అయినా అంతే. ఇట్లాగే ఉంటే కాన్పులో తల్లికీ బిడ్డకూ గండమేనని డాక్టరమ్మ ముఖం మీదే చెప్పేసింది. తిరిగి వస్తూ పెంచలమ్మక్క అరుగు మీద కూలబడ్డాను. ఆమె నా నాలుక చూసింది, గోళ్ళు చూసింది.

"ఇన్నాళ్ళూ మీ చెల్లెలికి కాదు గదా?"

నేను ఏడ్చేశాను.

"మాత్ర ఎప్పుడు మింగతావు?"

"మధ్యాహ్నం అన్నం తిన్నాక."

"బిళ్ళో?"

"మాత్ర మింగిన వెంటనే అక్కా. వికారం పోతుందని."

ఆమె నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. వాళ్ళ బోరు నీళ్ళు ఎర్రటి చిలుము నీళ్ళు. వాటిలో మట్టి కలిపి ఉంచిన కుండ చూపించింది. అడుగున బురద, పైన తేట నీళ్ళు. "చూసినావా, చిలుమంతా మట్టి అడుక్కి ఈడ్చుకోని పోయింది. నీ మాత్రలో ఉండేది కూడా ఇనుమే గదమ్మా?" అన్నది. మట్టి ఇనుమును ఒంటికి పట్టనివ్వదని నేను చదివి పరీక్ష రాసిన దాన్నే. నా కడుపులో జరుగుతున్నది అదేనని మాత్రం తట్టలేదు.

"ఊళ్ళో అందరూ అట్టనే తింటా ఉండారా?" అని అడిగింది. తింటున్నారు. నేను పంచే మాత్రా, ఆమె అమ్మే బిళ్ళా ఒకే కొంగుముడిలో ఉండేవి. కాలిస్తే పురుగు చస్తుంది గానీ సీసం పోదని కూడా అప్పుడే చెప్పాను. "అయితే నా నిప్పు చేసిందేమీ లేదన్నమాట" అన్నది.

మర్నాడు ఉన్న బిళ్ళలన్నీ నలగ్గొట్టి, మట్టి తవ్విన గుంటలోనే పోసింది. తరువాత ఇంటింటికీ పోయి, అమ్మిన మట్టిని వెనక్కి అడిగింది. కొందరు దాచుకున్నారు. ఒకామె గడపలోనే నిలేసింది: "మా అమ్మకిచ్చినావు, మా అక్కకిచ్చినావు, నాకాడికొచ్చేతలికి విషమైందా?" పెంచలమ్మక్క తల వంచుకోలేదు, గొంతు పెంచలేదు. "అప్పుడు నాకు తెలవదు. ఇప్పుడు తెలిసింది. నా మట్టితో ఒక పిల్ల చావుదాకా పోయింది. ఇచ్చేయ్ తల్లీ" అన్నది.

ఆనాటి నుంచి రోజూ మధ్యాహ్నం మా ఇంటికొచ్చి ఎదురుగా కూర్చునేది. మాత్ర మింగించి, వికారానికి నిమ్మబద్ద చేతిలో పెట్టి, నోరు తెరిపించి చూసి మరీ పోయేది. నెలలు నిండేసరికి రక్తం పుంజుకుంది. ఆస్పత్రిలో ఆడపిల్ల సుఖంగా పుట్టింది. డాక్టరమ్మ రాసిన మందులకూ, మా ఇంట్లోవాళ్ళ సేవకూ నేను రుణపడి ఉన్నాను. అన్నిటికన్నా ముందు, తన సరుకు తప్పని తెలిసిన మర్నాడే దాన్ని కాలదన్నిన ఆ మనిషికి రుణపడి ఉన్నాను. అట్లాంటివారు మళ్ళీ దొరకరు.

ఇంకొక్క మాట చెప్పాలి. ఎవరా పిల్ల అని ప్రతి గడపలోనూ ఆమెను అడిగారు. పేరు చెప్పలేదు. అడిగీ అడిగీ, అప్పుడు కడుపుతో ఉన్న ఆమె కోడలే అయివుంటుందని ఊరు తేల్చేసింది. మట్టి తిని చావబోయిందని నవ్వులపాలైన కోడలు అత్తతో కొన్ని నెలలు మాటలు మానేసింది. అయినా పెంచలమ్మక్క నోరు మెదపలేదు. నాకు ఇవన్నీ తెలుసు. నర్సే మట్టి తిన్నదంటే నా మాట ఇక ఎవరు వింటారని, నా పరువేమవుతుందని భయపడి ఊరుకున్నాను. ఇన్నేళ్ళుగా గర్భిణులకు ఈ కథ చెబుతూ నేను కూడా "ఒక పిల్ల" అనే అన్నాను.

మొన్న ఆమె పాదాల దగ్గర కూర్చున్నప్పుడు ఆ కోడలే నన్ను అడిగింది, "ఎవరమ్మా ఆ పిల్ల? నీకన్నా చెప్పిందా?" అని. అప్పుడు కూడా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ పిల్ల నేనే.