తలుపు అడిగిన పేరు

ఫోన్‌తో తలుపు తెరుచుకునే హోటల్‌ను ఎవరైనా సౌకర్యమంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

సూరత్‌లో పర్వత్ పాటియా దగ్గర అలాంటి దాంట్లోనే దిగాను. మధ్యాహ్నం పక్క గది ముందు ఒక పెద్దావిడ చెప్పుల్లేకుండా, నీళ్ల సీసాతో నిలబడి ఉంది. నీళ్లకని బయటికొస్తే తలుపు దానంతటదే మూసుకుపోయిందట.

"షుగర్ గోలీలు, నా ఫోను లోపల్నే ఉన్నయి బిడ్డా. తలుపు తీసే ఫోనేమో మా ఆయన మార్కెట్‌కు పట్కపోయిండు. ఆయన నంబరు నాకు యాదికి లేదు."

కింద కౌంటర్లో మనిషి లేడు. అక్కడ రాసిపెట్టిన నంబరు చూసుకుని పైకొచ్చి, స్పీకర్ పెట్టి ఫోన్ చేస్తే రికార్డు గొంతు హిందీలో పలికింది. గది ఎవరి పేరు మీద ఉందో చెప్పాలట. ఆవిడను అడిగాను.

"పెండ్లయినకాడి నుంచి ఆయన పేరు నోట దియ్యలే," అంది.

గొంతు మళ్లీ అడిగింది. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని మెల్లగా చెప్పింది. వినబడలేదు, గట్టిగా చెప్పమంది గొంతు.

"మల్లేశం," అంది ఆవిడ, వరండా అంతా వినబడేలా.

గొంతు ధన్యవాదాలు చెప్పి, మల్లేశం గారి ఫోనుకే ఓటీపీ పంపానంది.

నేను తిట్టేలోపే ఆవిడ అరచేత్తో తలుపును ఒక్క దెబ్బ కొట్టింది.

"నా నోట్లెకెల్లి పేరైతే గుంజుకున్నది. తలుపు మాత్రం తియ్యకపాయె."