చెవిలో బిరడాలు, చేతిలో పేలాలు

టెక్కలి దగ్గర గ్రానైటు రాళ్ళు కోసి నునుపు చేసే యూనిట్లో సూపర్‌వైజరుగా చేరినప్పుడు నాకు అనుకోని సౌకర్యం ఒకటి దొరికింది. కోత యంత్రం దగ్గరికి వెళ్ళే ప్రతి ఒక్కరూ చెవులకు మఫ్‌లు పెట్టుకోవాలి. రోజంతా తలకి ఆ రెండు డబ్బాలతో తిరిగినా నన్ను ఎవరూ వింతగా చూసేవారు కాదు. నిజానికి రాతికోత శబ్దం నన్ను బాధించదు. అది ఒకే తీరున సాగుతుంది, ఎప్పుడు ఆగుతుందో నాకు ముందే తెలుసు. నన్ను పడగొట్టేవి వేరే ఉన్నాయి. గచ్చు మీద పడ్డ స్టీలు గ్లాసు, వెనక నుంచి భుజం మీద వేసే చెయ్యి, చొక్కా మెడకి కుట్టిన లేబులు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివినవాణ్ణి కనక వీటిని కారణం, తీవ్రత, నివారణ అని విడదీసి చూసుకునేవాణ్ణి. నివారణ దగ్గర చాలాకాలం ఏమీ ఉండేది కాదు.

ఒకసారి పలాస స్టేషన్లో గూడ్సు బండి నా పక్కనే కూత వేసింది. నేను ప్లాట్‌ఫాం మీద చతికిలబడి, రెండు చేతులతో తల పట్టుకుని ఊగుతూ ఉండిపోయాను. పట్టపగలే తాగేసేడని జనం అనుకున్నారు. ఆ జనంలో నాన్నగారి ఆఫీసు గుమాస్తా ఒకాయన ఉన్నారు. మర్నాడు నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చి నాతో మాట్లాడకుండా భోంచేశారు. ఆ తర్వాతే నేను విశాఖపట్నం వెళ్ళాను. అక్కడ మానసిక వైద్యుడు నన్ను కొన్నిసార్లు పిలిపించి మాట్లాడి, ఇది ఆటిజం అన్నారు. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. మందు లేదు, ఇబ్బంది తగ్గించుకునే ఏర్పాట్లే ఉన్నాయి అని కూడా అన్నారు.

"అది సిన్నపిల్లలకి వచ్చేది కదరా" అంది అమ్మ. "నీకిప్పుడేటి, మీసాలొచ్చేక?"

నాన్నగారు ఒక్క మాటే అన్నారు. "సెల్లి పెళ్ళయ్యేదాకా ఈ ముక్క గుమ్మం దాటకూడదు."

చెల్లికి అప్పుడే వజ్రపుకొత్తూరు వైపు సంబంధం కుదిరింది. కుర్రాడు బడిపంతులు. అన్నకి ఏదో ఉందట అన్న మాట అక్కడికి చేరితే ఏమవుతుందో మాకు తెలుసు. పిల్లకీ ఉందేమో అంటారు. పెళ్ళిలో నేను కనిపించకుండా ఉండటమూ కుదరదు. లాజహోమంలో పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సింది అన్నో తమ్ముడో. ఆమెకి ఉన్నది నేనొక్కణ్ణే.

చెల్లి నాకంటే ముందే లెక్క వేసింది. "నువ్వు ముహూర్తం టైముకి మండపంలో ఉండొద్దన్నయ్యా. గట్టిమేళం అయిపోయేక పిలిపిస్తాను. పేలాలు పోసేసి ఎళ్ళిపో" అంది. పట్టు కండువా జరీ అంచు మెడకి ఒరుసుకోకుండా లోపల పాత నూలు చీర ముక్క కుట్టిపెట్టింది. నేను యూనిట్ నుంచి నురగ బిరడాలు తెచ్చుకున్నాను. చెవిలో దూర్చితే బయటికి కొసలే కనబడతాయి. బొటనవేలంత గ్రానైటు ముక్క ఒకటి నునుపు పట్టించి, పంచెకి జేబుండదు కాబట్టి రొంటిన దోపుకున్నాను. చప్పుళ్ళు ఎక్కువైనప్పుడు దాన్ని రుద్దితే కాస్త నిలదొక్కుకుంటాను. ఇదంతా అద్దం ముందు రెండుసార్లు సరిచూసుకుంటుంటే అమ్మ వచ్చి, బిరడాలు కనిపించకుండా నా జుత్తు చెవుల మీదికి దువ్వింది. నేను ఆమె కళ్ళలోకి చూడలేదు.

పెళ్ళి టెక్కలిలో, పగటి ముహూర్తం. గట్టిమేళం మోగుతున్నంతసేపూ నేను వంటల పందిరి వెనక, నీళ్ళ డ్రమ్ముల మధ్య నిలబడి ఉన్నాను. నా చెల్లి మెడలో పుస్తె పడటం నేను చూడలేదు. "అన్నేడి, అన్నేడి" అని మగపెళ్ళివారు అడిగారని తర్వాత తెలిసింది.

కబురొచ్చి లోపలికి వెళ్ళేసరికి వీడియో లైటు నేరుగా నా ముఖం మీద పడింది. హోమం పొగ, మల్లెపూలు, సెంటు. సన్నాయి ఇంకా సాగుతూనే ఉంది. పురోహితుడి పెదవులు కదులుతున్నాయిగానీ మాట నాకు అందడం లేదు. ఆయన రెండుసార్లు పిలిచినా నేను పలకలేదట. అప్పుడు పెళ్ళికొడుకు మేనత్త నా పక్కకి వచ్చి చెవిలోకి తొంగిచూసింది.

"ఏటి వదినా, మీ అబ్బాయి సెవిలో ఏటో ఉంది. వినబడదా ఏటి?"

అమ్మ కంగారుగా, "సెవిపోటండి. రాత్రి నుంచీ నిద్ర లేదు" అంది.

అక్కడితో ఆగిపోతుందనుకున్నాం. ఆవిడ మంచి మనిషి కాబట్టి ఆగలేదు. వంటల దగ్గరికి వెళ్ళి, గరిటెలో నూనె పోసి వెల్లుల్లి రెబ్బలు వేసి కాచి, చల్లార్చుకుంటూ వచ్చేసింది. "రెండు సుక్కలే బాబూ. ఇటు తిరుగు. మా ఊర్లో ఎన్ని సెవులు బాగుసేసేనో నీకేటి తెలుసు" అంటూ ఒక చేత్తో నా గడ్డం పట్టుకుని, ఇంకో చేత్తో బిరడా లాగేసింది.

సన్నాయి, డోలు, జనం గోల అన్నీ ఒక్కసారి నాలోకి వచ్చి పడ్డాయి. నేను ఆవిడ చెయ్యి తోసేశాను. గరిటె ఎగిరి గచ్చు మీద పడింది. నూనె ఆవిడ పట్టుచీర మీద ఒలికింది. నేను చెవులు మూసుకుని కూర్చుండిపోయాను. పెళ్ళిపీటల పక్కన, పలాస ప్లాట్‌ఫాం మీద లాగానే.

"పెద్దావిణ్ణి తోసేసేడేటి?" అన్నారెవరో. నాన్నగారు తల దించుకున్నారు.

చెల్లి పీటల మీద నుంచే మాట్లాడింది. కొంగుముడితో ఉన్న పెళ్ళికూతురు.

"సెవిపోటు కాదత్తయ్యా. మా అన్నయ్యకి సప్పుళ్ళు పడవు. పుట్టినప్పటి నుంచీ అంతే. డాక్టరుగారికి కూడా సూపించేం." తర్వాత మేళం వాళ్ళ వైపు తిరిగి, "బాబూ, ఓ పది నిమిషాలు ఆపండి" అంది.

మేళం ఆగింది. వీడియో లైటు ఆర్పమని పెళ్ళికొడుకు చేత్తో సైగ చేశాడు. ఆ నిశ్శబ్దంలో నేను లేచి నెయ్యి రాసిన చెల్లి దోసిట్లో పేలాలు పోశాను. మూడుసార్లు పోయాలి. పోశాను. అగ్నిలో పేలాలు చిటపటలాడటం అందరికీ వినబడింది. మేళం లేని పెళ్ళి ఎలా ఉంటుందో అంతమంది నా వల్లే చూశారు. సన్నాయి వాయించే ఆయన వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. జరగాల్సిన పని జరిగింది. కానీ నేను దాచాలనుకున్న మాటని చెల్లి తన పెళ్ళిలో, తన అత్తవారి ముందు, నా బదులు చెప్పాల్సి వచ్చింది. ఇది తలచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది.

సంబంధం చెడలేదు. నేను భయపడిన మాటలు కొన్ని వచ్చాయని చెల్లి తర్వాత ఎప్పుడో చెప్పింది, ఎవరన్నారో మాత్రం చెప్పలేదు.

కొన్ని నెలల తర్వాత మొదటిసారి చెల్లి అత్తవారింటికి వెళ్ళాను. నన్ను గుమ్మంలో చూడగానే, ఆ ఇంట్లోనే ఉండే బావగారి మేనత్త టీవీ కట్టేసింది. పిల్లల్ని పెరట్లోకి తోలింది. ఇంటిల్లిపాదీ గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టారు. మంచంపట్టినవాడి ఇంట్లో ఉండే నిశ్శబ్దం అది. ఒక గంట భరించాను. పెరటి గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూస్తున్న పిల్లల్ని చూశాక ఇంక ఉండలేకపోయాను.

"టీవీ ఫర్వాలేదండీ" అన్నాను. "పిల్లల్ని రానివ్వండి. వాళ్ళ మాటలు నాకేం చెయ్యవు. ఉన్నట్టుండి వచ్చే చప్పుడే... ముందుగా చెబితే చాలు."

నా నోటితో నేను అలా చెప్పడం అదే మొదలు. ఆవిడ "అంతేనా?" అంది. "ఇంతసేపూ నోట్లో ఊసు లేకుండా సంపేసేవు కదయ్యా" అని టీవీ పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. పిల్లలు లోపలికి వచ్చారు.

కొంతసేపటికి వంటింట్లోంచి వీధి వరకూ వినబడేలా కేక వేసింది. "బాబూ, కుక్కరు కూత వత్తాది, సెవులు మూసుకో."

పిల్లలందరూ నా వైపు తిరిగారు. పక్కింటావిడ గోడ మీంచి చూసింది. ముఖం కాలిపోతున్నట్టుంది. వాళ్ళందరి ముందూ చెవులు మూసుకున్నాను.