చక్రం కింది నిమ్మకాయ

నిన్న శంషాబాద్ ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో ఎవరో కొత్త కారుతో నిమ్మకాయ తొక్కించారు. ఆ వాసనకి నా చిన్నప్పటి భయమొకటి గుర్తొచ్చింది.

మా బాపు మెకానిక్. నాకు ఏడేళ్లప్పుడు రిపేరుకొచ్చిన, రెండే సీట్లున్న పాత ఎర్ర స్పోర్ట్స్ కారొకటి ఆయన్ని నెల రోజులు సతాయించింది. “చల్లగున్నప్పుడు మంచిగనే ఉరుకుతది. వేడైతే ఏందో పరేషాన్ జేస్తది” అనేవాడు. ప్లగ్గులు మార్చినా, కార్బొరేటర్ విప్పి కడిగినా అంతే. దిష్టి తగిలిందని అమ్మ చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. ఆమె లోపలికి పోగానే నేను దాన్ని తీసి గౌను జేబులో వేసుకుని, బాపు పక్కన ఎక్కాను.

పహాడీ షరీఫ్ ఎత్తు మీద, మండుటెండలో బండి ఆగి వెనక్కి జారింది. వెనక లారీ హారన్ మోగుతూనే ఉంది. బాపు హ్యాండ్‌బ్రేక్ లాగాడు. నావల్లే ఇద్దరం చచ్చిపోతామనుకున్నాను.

“బాపూ, నిమ్మకాయ నేనే తీసిన!” అని ఏడ్చాను.

బాపు నవ్వలేదు. దిగి చక్రానికి రాయి అడ్డం పెట్టాడు. బానెట్ ఎత్తి, తువ్వాల తడిపి ఇంజిన్ పక్కనున్న పెట్రోలు పంపుకి చుట్టాడు. కాసేపాగి చెయ్యి చాపాడు.

“ఇటియ్యి బిడ్డా. ఇగ ఏం కాదు.”

నిమ్మకాయను ముందు చక్రం కింద పెట్టి స్టార్ట్ చేశాడు. అది చిట్లింది. బండి కదిలింది.

నిమ్మకాయే కాపాడిందని ఏళ్లపాటు నమ్మాను. వేడికి పెట్రోలు ఆవిరైతే పంపు దాన్ని లాగలేదనీ, తడిగుడ్డతో చల్లబరిస్తే చాలనీ పెద్దయ్యాక తెలిసింది.

తువ్వాల బండికి. నిమ్మకాయ నాకు.