పేరు ఊడిపోయిన ఫోటోలు

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర దామోదర్ స్టూడియోలో వనజ చాలా ఏళ్ళుగా చనిపోయినవాళ్ళ ఫోటోలు చేస్తోంది. దినాలనాడు దండ వేసి పెట్టే పటాలు. ఇంటివాళ్ళు ఆధార్ కార్డు తెస్తారు, లేకపోతే పెళ్ళి గుంపులో గోరంత ముఖం చూపిస్తారు. వనజ ఆ ముఖాన్ని కంప్యూటర్‌లో విడదీసి పెద్దది చేస్తుంది. మసక తీస్తుంది. చినిగిన అంగీ మారుస్తుంది. చివరికి కళ్ళలో తడి చుక్క పెడుతుంది. ముడతల జోలికి మాత్రం పోదు.

పని మొదలుపెట్టే ముందే ఫైలుకు పేరు పెట్టడం ఆమె పద్ధతి. పోయిన మనిషి ఇంటిపేరు, పేరు, ఊరు, ఆ పక్కన తన పేరు. అంతా తెలుగులోనే. పోయినవాళ్ళ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడానికి ఆమెకు మనసొప్పదు. పటం మీద ఉండేది స్టూడియో పేరే. వనజ పేరు ఉండేది ఆ ఫైలు మీద, అంతే.

సాయంత్రం దామోదర్ ఫైళ్ళన్నీ మెయిల్‌లో ప్రజ్ఞాపూర్ ల్యాబుకు పంపుతాడు. ప్రింట్లు అక్కడే వేస్తారు. దారిలో ఏమవుతుందో గాని, తెలుగు పేర్లు అక్కడికి చేరేసరికి ఊడిపోతాయి. ల్యాబు కంప్యూటర్ వాటికి 'నోనేమ్' అని పేరు పెడుతుంది. యజమాని రాధాకిషన్ ఫోన్ చేస్తాడు.

"దామోదర్, ఇయ్యాల గూడ నోనేములే వచ్చినయ్. మీసాలాయన ఏ ఊరాయన? ముక్కుపుల్లామె ఎవలు?"

దామోదర్ చెబుతాడు. ఇద్దరూ నవ్వుకుంటారు. సింధుజ వచ్చేదాకా అది నవ్వుకునే సంగతే.

సింధుజది చిన్నకోడూరు. నిరుడు పనిలో చేరింది. ఆమె ఫైళ్ళ పేర్లు, చివర తన పేరుతో సహా, ఇంగ్లీషులో ఉంటాయి, చెక్కుచెదరకుండా చేరుతాయి. నెల తిరక్కుండానే రాధాకిషన్ నోట ఆమె పేరు పడింది. "గిది సింధుజ చేసిందా? మంచిగుంది." వనజ మాత్రం ఆయనకు ఇప్పటికీ నోనేమే.

వనజకు కడుపు మండింది. సింధుజ ముఖాలను నున్నగా చేస్తుంది. 'మా అవ్వ పడుచుదాని లెక్కయింది' అని జనం మురిసిపోతారు. దానికీ మండింది. సింధుజ టిఫిన్ డబ్బా విప్పితే కూర వాసన కూడా సహించేది కాదు.

"అక్కా, నువ్వు గూడ ఇంగ్లీషుల కొట్టరాదు? పేరు పోదు," అంది ఒకరోజు సింధుజ.

"నువ్వు పలక వట్టకముందు నుంచి టైపు కొడుతున్న. నాకు నేర్పుతవా?"

"ఊకె చెప్పిన అక్కా."

"ఊకె చెప్పకు."

ఎండాకాలంలో రాధాకిషన్ తల్లి స్వరాజ్యం పోయింది. అప్పటికే ఆయన ల్యాబు పక్కన కొత్త స్టూడియో కడుతున్నాడు. ఫోటో పని చూసుకునే మనిషి కావాలి. ఆ మనిషి పేరు ముందరి అద్దం మీద రాయిస్తానన్నాడు. తల్లి ఫోటో ఒకటి పంపి, "ఇద్దరూ చెయ్యిండ్రి. నాకు నచ్చినామె వస్తది," అన్నాడు.

అద్దం మీద తన పేరు. వనజ ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

ఫోటోలో స్వరాజ్యం బీడీల చాట ముందు కూర్చుని ఉంది. చెంపల నిండా అమ్మవారు పోసిన మచ్చలు. వనజ ఆ మచ్చల దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత ఒక్కొక్కటే తుడిచేసింది. కొడుకు తల్లిని అందంగానే చూసుకోవాలనుకుంటాడని తనకు తాను చెప్పుకుంది. లోపల ఉన్న మాట వేరు. సింధుజ తీరులోనే చేసి సింధుజను ఓడించాలి. ఫైలుకు ఇంగ్లీషులో పేరు పెట్టింది. కొట్టేటప్పుడు పక్క సీటుకు కనబడకుండా తెరను కొంచెం తిప్పుకుంది.

ఫోన్ వచ్చినప్పుడు దామోదర్ లేడు. వనజ ఎత్తింది.

"ఎవలమ్మా? దామోదర్ లేడా?"

"ములుగుల పెండ్లి షూటింగుకు పోయిండు. ఏం చెప్పాలె?"

"మా అవ్వ ఫోటోలు జూసిన. సింధుజది రాలే. గా వనజ ఎవలో గని, మా అవ్వ మొకాన్ని సొరకాయ జేసింది. నేనే గుర్తువట్టలే. గా నోనేమ్ జేసింది జూసి మా తమ్ముడు ఏడ్చిండు. మచ్చలు గట్లనే ఉన్నయ్. ఇన్నేండ్ల సంది జూస్తున్న, నోనేమ్ చెయ్యే వేరు. ఆమెనే రమ్మను. పేరేంది ఆమెది?"

దామోదర్ ల్యాబుకు పంపిన మెయిల్‌ను వనజ తెరిచింది. రెండు ఫైళ్ళున్నాయి. తనది ఇంగ్లీషులో. రెండోది తెలుగులో ఉంది, చివర సింధుజ పేరు.

ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి సింధుజ వైపు తిరిగింది.

"తెలుగుల ఎందుకు రాసినవే?"

"నీ లెక్కనే రాసిన అక్కా. పోయిన మనిషి పేరు గదా, మంచిగనిపిచ్చింది. మచ్చలు గూడ నీ లెక్కనే ఉంచిన." సింధుజ తల ఎత్తి, "ఏమైంది?" అంది.

"హలో, పేరు చెప్పమ్మా," అంటున్నాడు రాధాకిషన్.

పేర్లు తారుమారైనయ్, నోనేమ్ నేనే అంటే చాలు. ఇన్నేళ్ళ నోనేమ్ తనే అని దామోదర్ కూడా ఒట్టేసి చెబుతాడు. సింధుజ కాదన్నా అబద్ధం పట్టుబడదు. కాని ఆ పటం ప్రజ్ఞాపూర్ స్టూడియో గోడకే ఉంటుంది. రోజూ దాని ఎదుటే కూర్చోవాలి. ఆ కళ్ళలో తడి చుక్క సింధుజ పెట్టింది. వచ్చినవాళ్ళంతా దాన్నే మెచ్చుకుంటారు, తన ముఖం చూస్తూ.

అది మాత్రం ఆమె వల్ల కాదు.

"ఆమె పేరు సింధుజ," అంది ఫోన్‌లో. "గా సొరకాయ నాది."

ఫోన్ సింధుజ ఒళ్ళో పెట్టి, బయటికి వెళ్ళి చాయ్ తాగింది. చక్కెర ఎక్కువైందని చాయ్ బండివాడితో తగువు పెట్టుకుంది.

సింధుజ ప్రజ్ఞాపూర్ వెళ్ళిపోయింది. వనజ మళ్ళీ ముడతలను ముడతల్లాగే ఉంచుతోంది. ఫైళ్ళకు తెలుగులోనే పేర్లు పెడుతోంది. ఓ సాయంత్రం సింధుజ ఫోన్ చేసింది.

"అక్కా, నోనేమ్ ఒకటి వచ్చింది. నీదేనా?"

"మొకం జూస్తె తెలుస్తలేదా?"

"తెలిసింది. ఊకె చేసిన."

"ఊకె చెయ్యకు."

అద్దం మీద పేరు ఎంత పెద్దగా రాశారో అడగాలనిపించింది. అడగకుండా ఫోన్ పెట్టేసింది.