ఒకాడా గారిని 'ఏవండీ' అని పిలిచిన పాపం

నా చేతులారా చేసుకున్న ఘనకార్యాలు చాలానే ఉన్నాయండి. కానీ ముక్కూ మొహం తెలియని ఒక పెద్దాయన్ని, ఆయన భార్య ఎదురుగుండానే, మొగుణ్ణి పిలిచినట్టు పిలిచి, పైగా ఇంటికి తొందరగా వచ్చేయమని బతిమాలింది మాత్రం ఒక్కసారే. అదీ జపనీస్ భాషలో. చెప్తాను, నవ్వకూడదు మరి. సరే నవ్వండి, నేనాపితే ఆగుతారా ఏంటి?

అప్పుడు నేను బ్రిస్బేన్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. మాది పాలకొల్లు. మా వైపు సంగతి తెలుసు కదా, 'అండి' లేకుండా వాక్యం పూర్తవదు. గుమ్మంలో పడుకున్న కుక్కని కూడా "కాస్త జరగండి" అనే రకం. నా రూమ్మేట్ స్వప్నది వరంగల్. ఒకే యూనివర్సిటీ, ఒకే వంటగది, ఒకే బస్సు. మా ఇద్దరికీ గొడవ వచ్చేది ఒక్క విషయంలోనే. అది నా టోఫు కొట్టు.

నిజం కొట్టు కాదండి. అదొక మాంగా, అంటే జపాన్ వాళ్ళ బొమ్మల కథల పుస్తకం. మొత్తం పన్నెండు పుస్తకాలు. ఓ చిన్న రేవు ఊళ్ళో మొగుడూ పెళ్ళాం టోఫు, అదే సోయా పాలతో చేసే పనీర్ లాంటిది, చేసి అమ్ముకుంటూ ఉంటారు, ఒక పిల్లి ఉంటుంది. ఆ తర్వాత దాన్నే అనిమేగా, అంటే కదిలే బొమ్మల సీరియల్‌గా, తీశారు. పుస్తకాలన్నీ యూని లైబ్రరీలో చదివేసి, అనిమే రెండుసార్లు చూసేసి, మూడోసారి మొదలుపెట్టాను.

"ఏమైతదే ఇండ్ల?" అని అడిగింది స్వప్న ఒకరోజు.

"ఏమీ అవ్వదు."

"ఏం కాకపోతే పన్నెండు పుస్తకాలెందుకే?"

"మూడో పుస్తకంలో వానొస్తుంది. ఏడో దాంట్లో కొట్టు ముందు పరదా మారుస్తారు."

"ఎవల్నన్న సంపుతరా?"

"పరదా మారుస్తారే బాబూ! ఎంత బావుంటుందనుకున్నావ్!"

"నీకు పిచ్చి లేసినట్టుంది," అని వెళ్ళి తన తెలుగు సీరియల్ పెట్టుకుంది. ఆ సీరియల్లో నాలుగు వారాలుగా ఒకావిడ కాఫీ కప్పుతో మెట్లు దిగుతూనే ఉంది. అది మాత్రం స్వప్నకి కనపడదు.

నాకు ఆ కథ ఎందుకంత నచ్చిందంటే, అందులో పెళ్ళాం మొగుణ్ణి పేరు పెట్టి పిలవదండి. పన్నెండు పుస్తకాలూ గాలించాను, ఆయన పేరే లేదు. పిలవాలంటే "అనతా" అంటుంది. అనిమేలో ఆ గొంతు ఇచ్చినావిడ 'అనతా-ఆ' అని మెల్లిగా ఎత్తుకుని, చివర సాగదీసి, ఓ చిన్న విరుపుతో వదిలేది. కింద ఇంగ్లీషులో రాసేవాడు పాపం తంటాలు పడేవాడు. ఓసారి 'హే' అని, ఓసారి 'డియర్' అని, ఓసారి 'లిజన్' అని రాసేవాడు. నాకు మాత్రం మొదటిసారి వినగానే ఒళ్ళు ఝల్లుమంది. అది మా అమ్మ వంటింట్లోంచి నాన్నని పిలిచే "ఏవండీ". సాక్షాత్తూ అదే! వచ్చి మూడు నెలలైంది, ఇంటి మీద బెంగ. టోఫు గిన్నె చూస్తూ బొటబొటా ఏడ్చాను.

ఆ ఏడుపులోంచే నాకు జ్ఞానోదయం అయింది. నా లాజిక్ చూడండి. అనతా అంటే ఏవండీ. ఏవండీ అని మా అమ్మ నాన్నని పిలుస్తుంది, బస్సు కండక్టర్నీ పిలుస్తుంది, చేపలబ్బాయినీ పిలుస్తుంది, డాక్టరు గారినీ పిలుస్తుంది. కాబట్టి అనతా అని ఎవరినైనా పిలవచ్చు. ఇందులో తప్పెక్కడుందో మీరే చెప్పండి. నాకైతే కనపడలేదు.

"మా ఇంట్ల మా అమ్మ 'ఇగో' అంటది. గంతే," అంది స్వప్న, నా పరిశోధన అంతా విని.

ఇంతలో యూనిలో ఒక కబురు. సెలవుల్లో పదిమంది స్టూడెంట్లని రెండు వారాలు జపాన్ తీసుకెళ్తారట. తొమ్మిది సీట్లు అయిపోయాయి, ఒక్కటే మిగిలింది. వాళ్ళు తిరిగే ఊళ్ళ లిస్టు చూసి నాకు ఊపిరాడలేదు. నా మాంగా రాసినావిడ ఏ రేవు ఊరిని చూసి బొమ్మలేసిందో ఆ ఊరు అందులో ఉంది! ఆ కొట్టు నిజంగానే ఉందట, ఇంకా నడుస్తోందట. ఆ ఒక్క సీటు నాకు రాకపోతే బతుకు వృథా అనిపించింది. సెలెక్ట్ చేసేది ఒకాడా దంపతులు, ఎన్నో ఏళ్ళ కిందట జపాన్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన పెద్దవాళ్ళు. సర్టిఫికెట్లు అక్కర్లేదు, అయిదు నిమిషాలు జపనీస్‌లో మాట్లాడితే చాలన్నారు.

"పేరేంది ఆయనది?" అంది స్వప్న.

"ఒకాడా."

"అయితే అల్కగ గుర్తుంటది. 'ఒకడా, ఇద్దరా' అని యాది పెట్టుకో."

పెట్టుకున్నాను. ఆ ముక్కే నా కొంప ముంచింది.

ఇంటర్వ్యూ బ్రిస్బేన్‌లోనే సన్నీబ్యాంక్ అనే పేటలో, ఒక టీ కొట్టు మీద గదిలో, మధ్యాహ్నం మూడింటికి. బయట బెంచీ మీద ఇంకో అయిదుగురు. అందులో ఒకమ్మాయి జపనీస్ పేపరు చదువుతోంది. బొమ్మలు చూడటం కాదండి, చదువుతోంది.

లోపల ఒకాడా గారు నిటారుగా, గంభీరంగా కూర్చున్నారు. భార్య పక్కన టీ పోస్తోంది. నమస్కారం పెట్టి, తల కూడా వంచి, రెండు దేశాల మర్యాదా ఒకేసారి చేసేశాను.

"మీకు ఖాళీ సమయంలో ఏం చెయ్యడం ఇష్టం?" అని జపనీస్‌లో అడిగారాయన.

నాకొచ్చిన జపనీస్ అంతా టోఫు కొట్టుదే కదా. "ఈరోజు టోఫు చాలా మెత్తగా కుదిరింది," అన్నాను.

ఆయన కనుబొమలు లేచాయి. "బ్రిస్బేన్ ఎలా ఉంది?"

"వానొచ్చేలా ఉంది. పిల్లిని లోపలికి పిలవాలి."

ఆవిడ మూతి బిగబట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందని నాకప్పుడు తెలియలేదు, మెచ్చుకుంటోందనుకున్నాను. ఆయన "సరే, మంచిది," అని లేచి, తర్వాతవాళ్ళని పిలవడానికి తలుపు వైపు నడిచారు. కళ్ళజోడు బల్ల మీదే మర్చిపోయారు.

చూశారా, నా అదృష్టం! సాయం చేసి మంచి పేరు కొట్టేసే అవకాశం. పిలుద్దామని నోరు తెరిచాను. పేరు రాలేదు. ఒకడా, ఇద్దరా... ఇద్దరా... మిస్టర్ ఇద్దరా? కాదే! ముగ్గురా? ఆయన తలుపు దాకా వెళ్ళిపోతున్నారు. పేరు తెలియని మనిషిని పాలకొల్లు పిల్ల ఏమని పిలుస్తుందండి?

"అనతా-ఆ!"

ఆ అనిమే ఆవిడ సాగదీసినట్టే సాగదీశాను, ఆ విరుపుతో సహా. ఆయన బిగుసుకుపోయారు. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? ఆ కొట్టు కథలో మొగుడు రోజూ కళ్ళజోడు మర్చిపోతాడు, పెళ్ళాం రోజూ ఒకటే డైలాగు చెప్తుంది. నాకది ముక్క ముక్కగా రాదు, మొత్తం ఒకేసారి వస్తుంది. "ఏవండీ, కళ్ళజోడు మర్చిపోయారు. తొందరగా ఇంటికి వచ్చేయండి, మీ కోసం చూస్తూ ఉంటాను," అని తన్నుకుంటూ వచ్చేసింది.

కప్పు నిండి, సాసరు నిండి, టీ బల్ల మీదకి పారుతోంది. ఆవిడ కెటిల్ కింద పెట్టి, చాలా ప్రశాంతంగా, ఇంగ్లీషులో అడిగింది.

"మా ఆయన మీకు ఎన్నాళ్ళుగా తెలుసు?"

"పదకొండు నిమిషాలండి," అన్నాను.

"పదకొండు నిమిషాలకే ఇంటికి రమ్మంటున్నారా?"

"అయ్యో, కాదండీ! మాలో అందర్నీ అలాగే పిలుస్తామండీ! మా అమ్మ కూడా అంతేనండి! బస్సు కండక్టర్నీ, చేపలబ్బాయినీ, డాక్టరు గారినీ..."

"మీ అమ్మగారికి అంతమంది భర్తలా?"

అప్పటికిగాని నా లాజిక్‌లో చిల్లు నాకు కనపడలేదు. ఆవిడే విడమర్చి చెప్పింది, పెళ్ళాం మొగుణ్ణి మాత్రమే అలా తియ్యగా పిలుస్తుందట. బయటవాళ్ళని, అందులోనూ పెద్దవాళ్ళని, అలా పిలవనే పిలవకూడదట! ఏడుపొక్కటే తక్కువ. ఇంక దాచుకునేదేముందని మొత్తం చెప్పేశాను. ఒకే మాట అండీ, రాగంలో తేడా. కండక్టరుకైతే "ఏవండీ!" అని కొట్టినట్టు. నాన్నకైతే "ఏవండీ-ఈ..." అని. అందులో ఉప్పు అయిపోయిందనీ ఉంటుంది, చుట్టాలొచ్చారనీ ఉంటుంది, భోజనానికి రమ్మనీ ఉంటుంది. మీ భాషలో ఆ రాగం విని ఇల్లు గుర్తొచ్చి ఏడ్చానండీ, ఆ కొట్టు ఒక్కసారి చూడాలనుందండీ, అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. నవ్వో ఏడుపో తెలియదు. "ఈ దేశం వచ్చాక నేను కూడా ఈయన్ని 'హే' అంటున్నాను," అని భర్త వైపు చూసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఏదీ, మీ అమ్మగారి మాట మళ్ళీ అనండి."

నాలుగుసార్లు చెప్పించుకుంది. అయిదోసారి తనే భర్తని పిలిచింది. దానికి జవాబు "ఆయ్" అని చెప్పాలని ఆయనకీ నేర్పాను. ఆయన చాలా శ్రద్ధగా "ఆయ్" అన్నారు.

ఇంటికొచ్చి చెప్తే స్వప్న నేల మీద దొర్లింది. "ఇగ నీకు జపాన్ బంద్. గా ముసలాయనకు ఇంట్ల బువ్వ బంద్!"

నాలుగు రోజులకి మెయిల్ వచ్చింది, రాసింది ఆవిడే. 'మిగతావాళ్ళు మీకంటే చాలా బాగా మాట్లాడారు. కానీ మీకు ఆ కొట్టు చూపించకపోతే మా ఇద్దరికీ మనసు ఒప్పుకోదు. రండి. ఒకటే షరతు, ఆయన్ని ఒకాడా-సాన్ అని పిలవాలి.' సాన్ అంటే మన 'గారు' లాంటిదండి. నేనూ స్వప్నా కౌగిలించుకుని ఎగిరిన ఎగురుడికి కింద ఇంటివాళ్ళు పైకొచ్చారు.

ప్రయాణం రోజు ఎయిర్‌పోర్టులో ఒకాడా గారు ట్రాలీ తోసుకుంటూ వేరే క్యూలోకి వెళ్ళిపోయారు. ఆవిడ చెయ్యెత్తి, అచ్చం మా అమ్మ రాగంలో, "ఏవండీ-ఈ!" అని పిలిచింది.

పక్క క్యూలో హైదరాబాద్ వెళ్ళే నలుగురు తెలుగు అంకుల్స్ ఒక్కసారిగా వెనక్కి తిరిగి "ఆఁ, వస్తున్నా!" అన్నారు. అయిదో గొంతు దూరం నుంచి "ఆయ్!" అంది. ఒక ఆంటీ నడుం మీద చెయ్యేసుకుని ఒకాడా గారి భార్య దగ్గరికొచ్చి, "మా ఆయన మీకు ఎన్నాళ్ళుగా తెలుసు?" అని ఇంగ్లీషులో అడిగింది. ఆవిడ తొణక్కుండా బెణక్కుండా నా వైపు వేలు చూపించింది.

ఆ కొట్టు చూశాను. పరదా నీలం రంగుది. గంటసేపు ఎదురుగా కూర్చున్నా ఏమీ జరగలేదు, ఎంత బావుందో చెప్పలేను.

అంచేత, ప్రసన్న అను నేను, పరాయి ఆడవాళ్ళ భర్తలను ఏ భాషలోనూ తియ్యగా పిలవనని, ఎవరి పేరైనా మర్చిపోతే వాళ్ళ కళ్ళజోడు పట్టుకుని వెనకాల పరిగెడతానే తప్ప నోరు తెరవనని, ఆ పన్నెండు పుస్తకాల మీద ఒట్టేసి చెప్తున్నాను. ఏవండీ, వింటున్నారా?

అయ్యయ్యో, మిమ్మల్ని కాదండి. మా ఆయన్ని.