సీసాలో అల

మొన్న విశాఖ బీచ్‌లో మా పాప నీళ్ల సీసాను కెరటంలో ముంచి నింపుతుంటే అవ్వ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు, నాన్నకు హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చిన కొత్తలో సీతాఫల్‌మండిలో అద్దెకుండేవాళ్లం. ఆ ఇంటి యజమానురాలే అవ్వ. ఆవిడ సముద్రం చూడలేదు. మోకాళ్ల నొప్పులతో ఇక చూసేదీ లేదంది. అందుకే సెలవుల్లో విశాఖ వెళ్లినప్పుడు, పెద్ద అల వచ్చేదాకా కాచుకుని, దాన్ని సీసాలో పట్టి మూత బిగించాను. రైల్లో నా ఒళ్లో అది ఊగుతూనే ఉంది.

ఇంటికొచ్చి గడప మీద పెట్టగానే కదలడం మానేసింది.

"అవ్వా, నీకోసం తెచ్చిన అల చచ్చిపోయింది" అని ఏడ్చాను.

అవ్వ మూత తీసి, ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. "సచ్చిపోలే బిడ్డా, నిద్రవోయింది. జెర లేపుదాం."

నీళ్లన్నీ నేల మీద పెట్టిన వెడల్పాటి స్టీలు పళ్లెంలో పోసి, ఒక అంచు నా చేతికిచ్చింది. నేను మెల్లగా ఎత్తి దించుతుంటే, రెండో అంచున అవ్వ కాలివేళ్లు తడిశాయి. ఆవిడ చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుంది, అచ్చం బీచ్‌లో అమ్మ పట్టుకున్నట్టే.

మా పాప సీసా చెవి దగ్గర పెట్టుకుని, "అమ్మా, అల కదలట్లేదు" అంది.

"నిద్రపోయింది. ఇంటికెళ్లాక లేపుదాం" అన్నాను.